నీళ్ళు తాగితే దిగాలి

ఇనుప చువ్వల కట్ట ఇంకా నేల మీద ఉండగానే చూసి దాని బరువెంతో చెప్పగలను. పది కిలోలు అటూ ఇటూ, అంతే. క్రేన్‌లో మీటరు ఉంటుంది, అది తర్వాత తీరిగ్గా చూపిస్తుంది. నేను ముందే చెప్పేస్తాను. పదిహేనేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతున్నాను మరి! గాజు పలకల పెట్టె, ఇటుకల దొంతర, కాంక్రీటు తొట్టి, ఏదైనా సరే. నాతో పందెం కట్టి ఓడిపోయినవాళ్ళు సైటు నిండా ఉన్నారు.

అలాంటిదాన్ని, నా బరువు ఎనభై అయిదు అనుకుంటూ హాయిగా బతికేశాను.

ఒకరోజు పొద్దున్నే కొత్త సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గర కాటా పెట్టి, ఎత్తు మీద పనిచేసేవాళ్ళందరినీ వరసగా ఎక్కించాడు. నిండా ముప్పై ఏళ్ళు లేవు. చేతిలో ఎప్పుడూ నిబంధనల పుస్తకం ఉంటుంది. అందుకని చేరిన వారానికే సైటంతా అతన్ని పుస్తకం అనడం మొదలుపెట్టింది. బెల్టు, బూట్లు, హెల్మెట్, పనిముట్ల సంచి, అన్నీ తగిలించుకునే ఎక్కాలిట. ఎక్కాను. "ఎంతో చెప్పు పైనక్కా!" అని వెనకాల నించున్నవాళ్ళు ఎగదోశారు. ఎప్పుడూ పైనే ఉంటాను కాబట్టి నేను పైనక్కని.

"సామానుతో కలిపి తొంభై ఒకటి," అన్నాను ధీమాగా.

నూట ఏడు.

"కాటా పాడైనట్టుంది," అన్నాను.

పుస్తకం నన్ను దింపి, యాభై కిలోల సిమెంటు బస్తా తెప్పించి కాటా మీద పెట్టించాడు. సరిగ్గా యాభై చూపించింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. తిరిగి చూశాను. నవ్వు మింగేశాడు కానీ, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"అక్కా, పైన మీకేదైనా అయితే మిమ్మల్ని కిందికి దింపే తాడూ కప్పీ వంద కిలోలకే ఆగుతాయి," అన్నాడు పుస్తకం, మెల్లగా, నలుగురికీ వినపడకుండా. "అన్నీ కలిపి వంద. అంతకంటే బరువున్న మనిషిని నేను పైకి పంపకూడదు."

"పదిహేనేళ్ళుగా ఏమీ కాలేదే?"

"ఇన్నాళ్ళూ మీకేమీ కాలేదు కాబట్టి, ఏమీ కాలేదు."

మాట నిజమైనప్పుడే నాకు ఒళ్ళు ఎక్కువ మండుతుంది. రెండు నెలల కోసం ఎక్కడినుంచో పెద్ద కప్పీ అరువు తెప్పించాడు. ఆ రెండు నెలల్లో వంద లోపుకి వస్తే సీటు నాది. రాకపోతే నేను కింద స్టోరులో కూర్చుని, అడిగినవాళ్ళకి చేతి తొడుగులు అందించుకోవాలి.

ఆ సీటు గురించి మీకు చెప్పాలి. నిచ్చెన మెట్లు రెండు వందల పదహారు. పన్నెండు మెట్లకొక అరుగు, మొత్తం పద్దెనిమిది అరుగులు. అన్నీ ఎక్కితే మూడు వైపులా అద్దాలున్న బుల్లి గది. రెండు చేతులకీ రెండు లీవర్లు, కాళ్ళ కింద అద్దం, ఆ అద్దం కింద చీమల్లా జనం. ఇంట్లో నేను కోడల్ని, పెళ్ళాన్ని, అమ్మని. అక్కడ మాత్రం ఎవరూ నన్ను "ఇదెక్కడ పెట్టావ్?" అని అడగరు. పక్షులు కూడా కిటికీ దగ్గరికొచ్చి మర్యాదగా చూసి పోతాయి. దాన్ని వదులుకోమంటే ఎలా వదులుకుంటాను? పుట్టింటి కంటే ఎక్కువది నాకు.

కానీ పని మాత్రం ప్రాణం తోడేస్తుంది. రెండు టన్నుల తొట్టి గాలిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. అది క్షేమంగా దిగగానే ఒక బిస్కెట్. అదీ నా అలవాటు. ఒక్కో బరువు ఎత్తి దించడం ఒక లిఫ్ట్. రోజుకి నలభై లిఫ్టులు, ఆ లెక్క మీరే వేసుకోండి, నాకు సిగ్గు. అది కాక కింద ఈల బాబాయ్ ఉన్నాడు. నాకు సిగ్నల్ ఇచ్చే మనిషి. వాకీటాకీలు రాకముందు ఈలతోనే క్రేన్లు నడిపించాడట, ఆ పేరు అలా ఉండిపోయింది. నేను దిగనని తెలిసి, గంటకోసారి కొక్కేనికి బుట్ట తగిలించి పంపేవాడు. నాలుగు చెంచాల పంచదార వేసిన గుక్కెడు టీ, రెండు బన్నులు, ఒక్కోసారి కేకు ముక్క. నా తిండి నేనే ఎత్తుకునేదాన్ని, రెండు టన్నులు మోసే యంత్రంతో!

మరి దిగవచ్చుగా అంటారా? దిగడానికి ఎనిమిది నిమిషాలు, మళ్ళీ ఎక్కడానికి పన్నెండు. అంతసేపూ క్రేన్ ఆగితే కింద ఎనభై మంది చేతులు కట్టుకుని నించుంటారు. అందుకని పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగేదాన్ని. పైన బాత్రూం ఉండదు. మగ ఆపరేటర్లకి ఒక సీసాతో గడిచిపోతుంది, ఆ సంగతి ఇంతకంటే చెప్పను. నేను మాత్రం నీళ్ళు తాగడం మానేశాను. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం దిగాక అర బిందె. పదిహేనేళ్ళు అలాగే గడిచింది.

ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తగారు ఇంతెత్తున లేచింది. "నా కోడలు లావా? ఎవడన్నాడే ఆ మాట? వాడి కళ్ళు పోనూ!" అంటూనే కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. మా ఆయన దర్జీ. కుట్టు మిషన్ ముందునుంచి లేవకుండా, దారం కొరికి, నిదానంగా అన్నాడు.

"రెండేళ్ళలో నాలుగుసార్లు నీ ప్యాంట్లు వదులు చేశాను."

"ఏమిటీ?"

"నువ్వు పడుకున్నాక చేసేవాణ్ణి. చెబితే కొడతావని చెప్పలేదు."

కొట్టలేదు కానీ రెండు రోజులు మాట్లాడలేదు. మొగుడై ఉండి ఇంత ద్రోహమా! బట్టలు బిగుతైతే మనిషికి తెలుస్తుంది కదా. నాకా అదృష్టం కూడా లేకుండా చేశాడు.

సరే, తగ్గాలి. నాకు ఏ పనైనా ఒక్క దెబ్బకి అయిపోవాలి. పొద్దున తిండి మానేశాను, మధ్యాహ్నం మానేశాను, బాబాయ్ బుట్ట పంపితే ఖాళీగా తిప్పి పంపాను. మొదటిరోజు ఏదో ఘనకార్యం చేసినట్టు అనిపించింది. రెండోరోజు పక్షుల్ని కూడా తిట్టాను. మూడోరోజు మా అమ్మాయి "గుడ్ మార్నింగ్" అంటే "ఏం, ఎందుకు?" అన్నాను.

నాలుగోరోజు పదకొండు గంటలప్పుడు కాంక్రీటు తొట్టి ఎత్తాను. ఎనిమిదో అంతస్తులో ఆరుగురు దాని కోసం తలలెత్తి చూస్తున్నారు. తొట్టి వాళ్ళ దగ్గరికి వస్తుండగా నా కుడిచెయ్యి లీవరు మీద వణికింది. కొంచెమే. కానీ ఇక్కడ చెయ్యి ఇంత వణికితే అక్కడ తొట్టి బారెడు ఊగుతుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆరు తలలు పన్నెండయ్యాయి.

"బాబాయ్, లిఫ్ట్ ఆపుతున్నా. కింద ఖాళీ చేయించు."

"ఏమైందమ్మాయ్?"

"ముందు ఖాళీ చేయించు!"

బాబాయ్ నిజంగానే ఈల వేశాడు. తొట్టిని పక్కకి తిప్పి, అంగుళం అంగుళం చొప్పున ఖాళీ నేల మీదికి దింపాను. అది నేలకి తగిలాక గానీ లీవరు వదల్లేదు. ఆ ఆరుగురిలో ఒకతను మా ఇంటి పక్కవీధి మనిషి, వాళ్ళ పాప మా అమ్మాయి క్లాసు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత సాయంత్రం కాకుండానే నిచ్చెన దిగాను.

ప్రథమ చికిత్స గదిలో నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, బీపీ చూసి, చేతి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు, బద్ధకంగా నిలబడిపోయింది.

"నీళ్ళు ఎన్ని తాగుతావు?"

చెప్పాను.

"ఎన్నేళ్ళుగా?"

అదీ చెప్పాను. నర్సమ్మ నెత్తి కొట్టుకోలేదు కానీ, అంత పని చేసింది. "నీకు వేసే ఆకలిలో సగం ఆకలి కాదు తల్లీ, దాహం. దాహానికి బిస్కెట్లు పెడుతున్నావు నువ్వు. కడుపు మాడ్చుకుంటే తగ్గేది బరువు కాదు, బుర్ర. మూడు పూటలా తిను. కాస్త తగ్గించి, కూరలు ఎక్కువగా, గుడ్డు, పండు. గంట గంటకీ నీళ్ళు తాగు."

"నీళ్ళు తాగితే దిగాలి."

"దిగు."

"దిగితే మళ్ళీ ఎక్కాలి."

"ఎక్కు. రెండు వందల మెట్లు రోజుకి మూడుసార్లు ఎక్కి దిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారీ ఊళ్ళో? డబ్బులు పోసి జిమ్ముల్లో చేస్తున్నారమ్మా ఆ పని!"

నా ముందున్న నిచ్చెన నాకే కనపడలేదే!

మేనేజరు గారి గదికి వెళ్ళి, రోజుకి మూడుసార్లు దిగుతానని చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత నేను నవ్వడం లేదని గమనించాడు.

"క్రేన్ గంటకి పైగా ఆగాలా? పని ఏం కావాలమ్మా?"

"ఇవాళ ఆ తొట్టి ఆరుగురి మీద పడితే ఎన్ని గంటలు ఆగేది సార్?"

ఆయన మొహం మాడిపోయింది. కాసేపు పెన్ను తిప్పి, నాకు వరమిస్తున్నట్టు అన్నాడు. "సరే, దిగు. నువ్వు దిగినప్పుడల్లా స్టోరులో ఉన్న ఆ పుల్లని పైకి పంపిస్తాను. లైసెన్సు ఉంది కదా ఆ అమ్మాయికి."

బయటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. పుల్ల అంటే స్టోరులో పనిచేసే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. క్రేన్ లైసెన్సు తీసుకుని, సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రెండేళ్ళుగా చేతి తొడుగులు అందిస్తోంది. రెండు నెలల తర్వాత నేను కూర్చోబోయే స్టోరు కుర్చీ ఆమెది, ఆమె కూర్చోబోయే సీటు నాది. ఆమెకి తర్ఫీదు ఇచ్చే ఏర్పాటు నేనే దగ్గరుండి, పోట్లాడి మరీ చేయించాను. నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే ఇదే.

అయినా మొదలుపెట్టాను. అత్తగారికి నర్సమ్మ చెప్పిందంతా అప్పజెబితే, ముందు మూతి ముడుచుకుంది. ఆ తొట్టి సంగతి చెప్పాక మాత్రం అన్నం గరిటె పక్కన పెట్టేసింది. మర్నాటినుంచి క్యారియరులో అన్నం తగ్గింది, కూర పెరిగింది, రెండు ఉడికించిన గుడ్లు చేరాయి. పైన మూతలో ఒక జామకాయ. "కొరుక్కు తిను, దవడలకి కూడా పని ఉండాలి," అంది. బాబాయ్‌కి బుట్ట పంపొద్దని చెప్పాను. అతనికి మనసొప్పలేదు. "మరి నేను గంటకోసారి ఏం చెయ్యనమ్మాయ్?" అని దిగాలుగా అడిగాడు.

"నీళ్ళు తాగావా అని అడుగు."

అడిగాడు. గంటకోసారి, వాకీటాకీలో, సైటంతా వినేలా. "అమ్మాయ్, నీళ్ళు?" రెండోవారానికి తాపీ పనివాళ్ళు కూడా నేను కనపడితే చెయ్యెత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి సైగ చేసేవాళ్ళు. పరువు మొత్తం పోయింది. పోయాక కాస్త తేలిగ్గానే ఉంది.

లిఫ్ట్ అయ్యాక బిస్కెట్ లేకపోవడం అన్నిటికంటే కష్టమైంది. చెయ్యి దానంతటదే సీటు పక్కకి వెళ్ళి తడుముకునేది. అక్కడ బిస్కెట్ల బదులు నీళ్ళ సీసా పెట్టాను. ఒక గుక్క తాగి, పది దాకా లెక్కపెట్టి, ఊపిరి వదిలేదాన్ని. బిస్కెట్‌కి అది సాటి రాదు. వస్తుందని చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులు.

ఇక పుల్ల. నేను దిగేటప్పుడు ఆమె ఎక్కుతుంది. తొమ్మిదో అరుగు మీద ఎదురుపడతాం. అక్కడ కాస్త వెడల్పు ఎక్కువ. "అక్కా" అని ఒదిగి దారిచ్చేది. నేను "ఊఁ" అనేదాన్ని, అంతకంటే మాట దండగ అన్నట్టు. మొదటి వారం తిరిగి ఎక్కేటప్పుడు అయిదో అరుగు దగ్గరే కుక్కలా రొప్పేదాన్ని. ఆమె లేడిలా ఎక్కిపోతుంటే, కింది నుంచి ఆ బూట్లు చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని. నేను తిరిగి పైకి వెళ్ళేసరికి సీటు ముందుకి జరిపి ఉండేది. నాలుగు గాట్లు. నా పొట్ట లీవర్లకి తగలకుండా నేను నాలుగు గాట్లు వెనక్కి లాక్కుని కూర్చోవాలి. ఆ చప్పుడు, టక్ టక్ టక్ టక్, నన్నే వెక్కిరిస్తున్నట్టుండేది.

మూడోవారానికి మూడు గాట్లు. మా ఆయన మళ్ళీ ఏమీ చెప్పకుండా ప్యాంటు నడుము లోపలికి కుట్టాడు. ఈసారి కనిపెట్టేశాను. కొట్టలేదు.

నాలుగోవారం కాటా ఎక్కితే నూట రెండు. అయిదోవారం కూడా నూట రెండు. ఎక్కడా తేడా చెయ్యలేదు, అయినా అది కదల్లేదు. అదే వారం మేనేజరు గారు కొత్త ఆర్డరు వేశాడు. ఇకనుంచి మధ్యాహ్నాలన్నీ పుల్లే నడపాలి. "ఎందుకైనా మంచిదని," అన్నాడు. నేను ఓడిపోతానని ఆయన లెక్క. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నాలు బాబాయ్ పక్కన నించుని, మెడ నొప్పెట్టేలా పైకి చూసేదాన్ని. తప్పు పట్టాలని చూశాను, ఎందుకు దాచాలి! కానీ ఆ పుల్ల తొట్టిని దూదిలా దింపుతోంది. "చెయ్యి బాగుందే ఈ పిల్లది!" అన్నాడు బాబాయ్, పక్కన నేనున్నానన్న జ్ఞానం లేకుండా. ఆ సాయంత్రం ఇంటికి పోతూ కొట్లో బిస్కెట్ పొట్లం కొన్నాను. బస్టాపులో నిలబడి, బస్సు వచ్చేలోపల మొత్తం తినేశాను. బస్సులో ఏడుపొచ్చింది. మర్నాడు నర్సమ్మకి చెబితే "సరే, ఒక పొట్లం తిన్నావు. ఇవాళ తినకు," అని తన పని తాను చూసుకుంది. తిడుతుందనుకుని వెళ్ళాను. తిట్టకపోయేసరికి ఇంకేం చెయ్యాలో తెలియక నీళ్ళు తాగాను.

ఆరోవారం నూట ఒకటి మీదికి వచ్చింది. ఏడోవారం ఒక పొద్దున క్యాబిన్ ఊడుస్తుంటే చెత్త డబ్బాలో బిస్కెట్ కాగితాలు కనపడ్డాయి. రెండు పొట్లాలవి. ముందు నేనే ఒళ్ళు తెలియకుండా తిన్నానేమో అనుకున్నాను. తర్వాత ఆ రకం నేను తిననని గుర్తొచ్చింది. సీటు పక్కన తడిమాను. నా చెయ్యి ఎక్కడికి వెళ్ళేదో సరిగ్గా అక్కడ ఇంకో పొట్లం ఉంది, సగం తిన్నది. పుల్లది.

నాకు సంతోషం కలగాల్సింది. శత్రువు నా దారినే పోతోంది మరి! కానీ ఆ సగం పొట్లం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆరోజు భోజనాల వేళ దిగుతూ తొమ్మిదో అరుగు మీద ఆమెని ఆపాను.

"మధ్యాహ్నం నాలుగు గంటలు పైన ఉంటున్నావు. నీళ్ళు తాగుతున్నావా?"

"ఎందుకక్కా?"

"అడిగినదానికి చెప్పు."

తల దించుకుంది. "పొద్దున ఒక గ్లాసు తాగుతాను. పైన తాగితే దిగాలి కదా. నాకు బదులు ఎవరొస్తారు?"

"నన్ను పిలవవచ్చుగా. కిందే ఉన్నానుగా!"

"దిగితే మీరు ఎక్కేస్తారుగా అక్కా." సీటున్న వైపు ఒకసారి పైకి చూసింది. "రెండేళ్ళకి దొరికింది. ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కనిస్తారో లేదో."

పదిహేనేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. అప్పుడు నేనూ పుల్లలాగే ఉండేదాన్ని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నన్నెవరూ అడగనూ లేదు. నా సీసా ఆమె చేతిలో పెట్టాను. "తాగు. నాలుగింటికి పిలువు. నేనెక్కుతాను, నువ్వు దిగు, పని చూసుకుని మళ్ళీ రా. నీ సీటు నేను తిననులే, తిండి తగ్గించాను." నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

గడువు రోజు వచ్చింది. కాటా చుట్టూ సైటంతా మూగింది. బాబాయ్, నర్సమ్మ, మేనేజరు గారు, స్టోరు తాళాలు పట్టుకుని పుల్ల. "ఎంతో చెప్పక్కా!" అన్నారు. ఈసారి నోరు విప్పలేదు. అన్నీ తగిలించుకుని ఎక్కాను.

వంద కిలోల మూడు వందల గ్రాములు.

పుస్తకం తన పుస్తకం వంక చూశాడు, అందులో ఏదైనా దారి దొరుకుతుందేమో అన్నట్టు. పాపం, అతని మొహమే నాకంటే ఎక్కువ పాలిపోయింది. "అక్కా... మూడు వందల గ్రాములు..."

వెనకనుంచి బాబాయ్ అలవాటు కొద్దీ అడిగాడు. "అమ్మాయ్, నీళ్ళు తాగావా?"

తాగాను! ఇంట్లో రెండు గ్లాసులు, గేటు దగ్గర అర సీసా. పొద్దుటినుంచీ భయంతో బాత్రూం సంగతే మర్చిపోయాను. "నాయనా, ఒక్క అయిదు నిమిషాలు ఆగు," అని పుస్తకానికి చెప్పి, ఉన్నపళాన పరిగెత్తాను. నేనెక్కడికి పోతున్నానో అర్థమయ్యాక వెనక పెద్ద నవ్వు లేచింది. నవ్వనీ! తిరిగొచ్చి, బూట్ల మట్టి కూడా దులిపి ఎక్కాను.

తొంభై తొమ్మిదీ తొమ్మిది వందలు.

బాబాయ్ వేసిన ఈలకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. పుస్తకం పుస్తకాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. నేను కాటా దిగి, నర్సమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. సిగ్గేముంది, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మేనేజరు గారు కూడా చెయ్యి కలిపాడు. "గట్టిదానివమ్మా! సరే, గండం గడిచింది. రేపటినుంచి సీటు పూర్తిగా నీదే. మధ్యలో దిగే పని కూడా లేదు, పైనే ఉండు. పుల్లా, నువ్వు స్టోరుకి వెళ్ళమ్మా."

"అలాగే సార్," అంది పుల్ల. తాళాల గుత్తి మీద ఆమె వేళ్ళు బిగుసుకోవడం చూశాను. రెండు నెలలుగా నేను కోరుకున్నది సరిగ్గా అదే. సీటు నాది, మొత్తం నాది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా. మళ్ళీ దిగకుండా, మళ్ళీ నీళ్ళు తాగకుండా. లిఫ్టుకొక బిస్కెట్‌తో.

"వద్దు సార్," అన్నాను.

"ఏం వద్దు?"

"మొత్తం వద్దు. సగం చాలు. రెండు గంటలు నేను, రెండు గంటలు ఆ అమ్మాయి. పైన లేనివాళ్ళు కింద బాబాయ్‌తో సిగ్నల్ చూస్తారు."

"ఈ సీటు కోసమేగా రెండు నెలలుగా నానా యాతనా పడ్డావు?"

"సీటు కోసమే సార్. మొత్తం ఇచ్చేస్తే రెండేళ్ళలో మళ్ళీ కాటా మీద నూట ఏడుంటాను. ఆ తర్వాత ఈ పిల్ల ఎక్కుతుంది, అదీ నూట ఏడవుతుంది. ఎన్ని కప్పీలు అరువు తెస్తారు?"

మేనేజరు గారు పుస్తకం వైపు చూశాడు, అడ్డు చెప్పమన్నట్టు. పుస్తకం గబగబా పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. "సార్, ఆపరేటరు ఏకబిగిన రెండు గంటలకి మించి కూర్చోకూడదని ఇక్కడ ఉంది సార్."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరూ దిగుతామని అడగలేదు సార్."

మేనేజరు గారు చేతులెత్తేశాడు. స్టోరుకి ఇంకో మనిషిని వెతుక్కుంటానని గొణుక్కుంటూ గదిలోకి పోయాడు. పుల్ల నా దగ్గరికొచ్చి నించుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "కళ్ళనీళ్ళు వృథా చెయ్యకు, వెళ్ళి సీసా నింపుకో," అన్నాను. అని, నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున మొదటి రెండు గంటలు పుల్లవి, తర్వాతివి నావి. తొమ్మిదో అరుగు మీద ఎదురుపడ్డాం. నేను రొప్పడం లేదు. ఆమె చేతిలో సీసా ఖాళీగా ఉంది. పైకి వెళ్ళి సీటు వెనక్కి లాక్కుని కూర్చున్నాను. ఒకటే గాటు. మబ్బుల్లేవు, గాలి లేదు, కాళ్ళ కింద అద్దంలోంచి పుల్ల కిందికి చేరి బాబాయ్ పక్కన నించోవడం కనపడింది. గాజు పెట్టె ఒకటి ఎత్తి, పదో అంతస్తులో దింపి, గుక్కెడు నీళ్ళు తాగి, ఊపిరి వదిలాను.

వాకీటాకీ గరగరమంది. "అమ్మాయ్, పండగ చేసుకోవాలిగా! ఒక్కసారికి టీ, బన్ను పంపనా బుట్టలో?"

"వద్దు బాబాయ్," అన్నాను. "రెండు గంటలాగు. నేనే దిగొచ్చి తాగుతాను."